కర్కిడక మాసంలో కోడికి విశ్రాంతి

ప్రతి ఇంట్లోనూ కాలికి ఆపరేషన్ అయిన కోడి ఒకటి ఉండి తీరాలి! నవ్వకండి. బాగా ఆలోచించే చెబుతున్నాను.

మా కోడి కుంజి అరికాల్లో ఉసిరికాయంత గడ్డ లేచింది. ఎత్తు గూట్లోంచి సిమెంటు నేల మీదికి రోజూ దూకడం వల్లేనట. పశువుల డాక్టరు షైలజ గారు మా వరండాలోనే గడ్డ కోసి, గట్టిపడ్డ చీము తీసి, కట్టు కట్టారు. "గట్టి నేల మీద నిలబడనివ్వకండి. మెత్తగా పొడిగా పక్క వెయ్యండి. మిగతా కోళ్లు కట్టు పొడిచేస్తాయి, దీన్ని విడిగా ఉంచండి" అని చెప్పి వెళ్లారు.

అంతే, ఇల్లు మారిపోయింది! మా మామగారు టీవీ పెడితే మా త్రిశూరు వీధంతా వార్తలు వినేది. ఇప్పుడు కుంజి నిద్ర చెడుతుందని మూగ వార్తలు చూస్తున్నారు. మా ఆయన సుగతన్ పెళ్లయ్యాక మొదటిసారి వంటింట్లోకొచ్చి నీళ్లు కాచారు. కోడి కాలు నానబెట్టడానికి! ఇంతటి సంస్కరణ ఏ ప్రభుత్వం తెచ్చింది చెప్పండి?

పైగా ఇది కర్కిడకం, వానల నెల. ఒంటికి విశ్రాంతినిచ్చి మందుగంజి తాగే నెల. గుడి ఏనుగులకు కూడా ఊరేగింపులు మాన్పించి మందుముద్దలు పెడతారు. "ఏనుగుకున్న హక్కు కోడికి లేదా?" అంటూ మా అత్తగారు మొదటి గరిటె గంజి కుంజికే పోశారు.

"గుడ్డు పెట్టడం లేదేమే ఇది?" అని మామగారు నోరు జారారు.

"సిగ్గు లేదూ? నొప్పితో ఉన్నదాన్ని పని అడుగుతారా!" అని కసిరారు అత్తగారు.

ఎంత గొప్ప మాట!

కట్టు మార్చే పని మాత్రం నాది. "బీయస్సీ చదివావు కదమ్మా" అన్నారు అత్తగారు. నేను చదివింది లెక్కలు. అయినా మా పుట్టింట్లో మొదటి డిగ్రీ నాదే, దాని పరువు పోకూడదు కదా! కుంజిని తువ్వాల్లో చుట్టి, ఒళ్లో పెట్టుకుని, మందు రాసి కడుతున్నాను.

అన్నట్టు, ఇంకో చిన్న సంగతి. నా మడమ కింద కూడా ఒక గడ్డ ఉంది. అదే సిమెంటు నేల మీద నిలబడి వండుతాను మరి. మూడు నెలల కిందట, విషు పండుగనాడే చెప్పాను. "ఆనె అయ్యుంటుంది, నడుస్తూ ఉంటే అదే అణుగుతుంది" అన్నారు మా ఆయన.

నిన్న ఇక ఆగలేక మంచం మీద కాలు చాపుకుని, మెల్లగా "క్కొ... క్కొక్కో" అన్నాను. అత్తగారు గంజి గిన్నెతో, మా ఆయన వేడినీళ్లతో పరుగెత్తుకొచ్చారు!

"ఓ, నువ్వా?" అన్నారు మా ఆయన. "కోడికేమైందో అని హడలిపోయాం. టీ అయిందా?"

ఇవాళ షైలజ గారు కట్టు విప్పడానికి వచ్చారు. కుంజి చక్కగా నడిచింది. వెనకే నేను టీ పట్టుకుని నడిచాను.

"కోడి కుంటడం మానేసింది. మరి మీరెందుకమ్మా కుంటుతున్నారు?"

అత్తగారు గబగబా గంజి గిన్నె మూత తీసి చూశారు. అడుగు ఖాళీ.

అందుకే మళ్లీ చెబుతున్నాను, కోడిని పెంచండి! కోడే లేకపోతే మా ఇంటికి డాక్టరెందుకు వస్తారు?