అత్తగారి బండకు అప్రదక్షిణం

ఆ ఉదయం నున్జియో వేసుకున్న పథకం చాలా చిన్నది. పర్యాటకులను పడవ ఎక్కించాలి, దీవి చుట్టూ ఒక చుట్టు తిప్పాలి, సాయంత్రానికి రేవులో దించేయాలి. సముద్రం నూనె పోసినట్టు ఉంది. ఆయన కూడా శాంతంగానే ఉన్నాడు. ఆయనంటే అగ్నిపర్వతం. ఫుమారా దీవిలో కొండను ఎవరూ పేరు పెట్టి పిలవరు. "రాత్రి ఆయన కాస్త దగ్గాడు", "ఈ వారం ఆయన చిరాగ్గా ఉన్నాడు" అంటూ ఆడవాళ్ళు చెప్పుకుంటారు.

అంతా బాగానే ఉంది, అత్తగారు రేవులోకి దిగేదాకా.

దొన్నా సాంతినా, అంటే సాంతినా అమ్మగారు, భర్త పోయినప్పటి నుంచి నలుపు విడవలేదు. నల్ల గౌను, నల్ల శాలువా, చేతిలో తిండి బుట్ట. వచ్చీ రావడంతోనే బుట్ట పడవలో పెట్టింది.

"అల్లుడూ, ఇవాళ నేనూ వస్తున్నా."

"ఎక్కడికి అత్తయ్యా?"

"పడవెక్కి చందమామ మీదకి వెళ్తారేంటి? చుట్టు తిరగడానికే."

"కిటికీ తీస్తే కనబడే కొండని పడవెక్కి చూడ్డమేంటని మీరే అన్నారుగా!"

"అన్నా. ఇప్పుడు ఎక్కుతానంటున్నా. ఈ పడవ మీ మామగారిది. ఆయన పోయాక నాది. నేను బతికుండగానే ఎవరికో ఒకరికి ఇచ్చేస్తా. నీకివ్వాలా, మా అన్న కొడుకు సారోకివ్వాలా అన్నది ఇవాళ తేలుస్తా. జనంతో నువ్వెలా మాట్లాడతావో వినాలి ముందు."

నున్జియో ఈ ఊరివాడు కాదు, పొరుగు దీవి నుంచి ఇల్లరికం వచ్చినవాడు. ఈ పడవ తప్ప ఈ ఊళ్ళో అతనికి ఇంకే ఆధారమూ లేదు. సారోకి సొంత పడవ ఉంది, అయినా మేనత్త పడవ మీద కన్నుంది. అయితే నున్జియోని భయపెట్టింది సారో కాదు, ఒక బండ.

దీవి ఉత్తరపు ఒడ్డున, లావా చల్లారి నిలబడిపోయిన ఒక బండ ఉంది. పొడుచుకొచ్చిన ముక్కు, ముందుకు సాగిన గడ్డం, తలగుడ్డ కట్టినట్టు నెత్తిన నల్లటి రాయి. రేవులో పడవ నడిపే వాళ్ళందరూ దాన్ని అత్తగారి బండ అంటారు. ఆ మాట ఎప్పుడు పుట్టిందో ఎవరూ పట్టించుకోలేదు. పడవ చేతికొచ్చాక నున్జియో కూడా ఆ హాస్యం అందుకున్నాడు. "అదిగో, మా అత్తగారు! సముద్రం వెయ్యేళ్ళుగా వచ్చి ఆవిడ కాళ్ళకి మొక్కుతోంది, ఒక్కసారైనా కూర్చోమందా?" అంటాడు. జనం పడీ పడీ నవ్వుతారు. బండను చూసి, తర్వాత రేవులో దొన్నా సాంతినాను చూసినవాళ్ళు ఇంకోసారి నవ్వుతారు.

భార్య మెలీనా అతన్ని పక్కకి లాగింది. "ఏమయ్యా, ఆ బండ ఊసెత్తావో మన కొంప మునిగినట్టే!"

"ఎత్తను. ఎత్తకపోవడమే కాదు, ఆవిడ కంటికి ఆ బండ కనబడనివ్వను. చూస్తూ ఉండు!" అని నున్జియో పంతంగా అన్నాడు.

మామూలుగా కొండను కుడిచేతి వైపు ఉంచుకుని తిరుగుతారు. అలా వెళ్తే రేవు దాటగానే బండ ఎదురవుతుంది. అందుకని తిరగేసి వెళ్దామనుకున్నాడు. అప్పుడు బండ చిట్టచివర వస్తుంది. ఈలోగా అత్తగారు వంకాయ వేపుడుతో రొట్టె తిని, గ్లాసుడు తియ్యటి వైన్ తాగి నిద్రపోతుంది. భోజనమయ్యాక ఆవిడ పడుకోకుండా ఉండగా చూసినవాడు ఈ దీవిలో లేడు. ఇంత తెలివి తనకెక్కడ దాగి ఉందా అని నున్జియోకే ఆశ్చర్యం వేసింది.

ఆ తెలివిలో ఒక్కటే కంత. ఫుమారాలో పడవలు కొండకు ప్రదక్షిణం తప్ప చెయ్యవు. అప్రదక్షిణంగా వెళ్ళే పడవ ఒక్కటే, శవాన్ని తీసుకెళ్ళేది. శ్మశానం కొండకు అవతల ఉంది, అక్కడికెళ్ళే రోడ్డును ఎప్పుడో ఆయన లావాతో మింగేశాడు. ఈ సంగతి నున్జియోకి బాగా తెలుసు. కానీ బండను దాచాలన్న పట్టుదలలో అది బుర్రలోంచి జారిపోయింది.

పడవ ఎడమకి తిరగగానే బ్రాంబిల్లా దంపతులు ముఖాలు చూసుకున్నారు. వాళ్ళు ఉత్తరాదివాళ్ళు, ఏటా వస్తారు. ఈసారి ఆ హాస్యం వినిపించాలని చుట్టాల్ని కూడా వెంటబెట్టుకొచ్చారు.

"ఇటెందుకు వెళ్తున్నారండీ?" అని బ్రాంబిల్లా అడిగాడు.

"గాలి అటు నుంచి ఉంది సార్."

"గాలేదీ?"

"అదే, రాకముందే తప్పుకుంటున్నాం."

"మరి అత్తగారు ఎప్పుడొస్తారు?"

"నేను ఇక్కడే ఉన్నాగా బాబూ," అంది దొన్నా సాంతినా వెనక బెంచీ మీంచి. తర్వాత అల్లుడి వైపు వంగి, "ఎంత మర్యాదస్తులో చూడు, వచ్చిందగ్గర్నుంచి నన్నే అడుగుతున్నారు," అని మురిసిపోయింది. నున్జియో మైకు అందుకుని, గుహల గురించీ, గంధకం గురించీ, పక్షుల గురించీ, చివరికి చేపల ఆరోగ్యం గురించీ ఆపకుండా మాట్లాడాడు. ఎవరూ నవ్వలేదు. అత్తగారు ప్రతి మాటా శ్రద్ధగా వింది, దేనికో ఎదురుచూస్తున్నట్టు. చివరికి నిట్టూర్చి బుట్ట విప్పింది.

అనుకున్నట్టే తిన్నది, తాగింది. బెంచీ మీద వెల్లకిలా పడుకుని, ఎండకి ముఖం మీద తెల్ల రుమాలు కప్పుకుని, చేతులు గుండెల మీద పెట్టుకుంది. నున్జియో మనసులో దేవుళ్ళందరికీ దండం పెట్టుకున్నాడు.

సరిగ్గా ఆ సమయానికి ఒడ్డున అగ్రిపీనా అనే ముసలామె మేడ మీద టమాటాలు ఎండబెడుతోంది. తలెత్తి చూసేసరికి నున్జియో పడవ అప్రదక్షిణంగా పోతోంది. బెంచీ మీద నల్లబట్టల్లో సాంతినా, ముఖాన తెల్లగుడ్డ.

"అయ్యో సాంతినా! పొద్దున్నేగా నాతో పోట్లాడావు!" అని గుండెలు బాదుకుంటూ అగ్రిపీనా చర్చికి పరుగెత్తింది. కాసేపటికి చావుగంట మోగింది.

గంట నున్జియో కూడా విన్నాడు. "పాపం, ఎవరో పోయారు," అని టోపీ తీసి సిలువ గుర్తు వేసుకుని ఇంజను జోరు తగ్గించాడు. ఎంతైనా మర్యాదస్తులు కదా, బ్రాంబిల్లాలు కూడా లేచి తలలు వంచి నిలబడ్డారు. మేడల మీంచి చూసేవాళ్ళకి ఇంకేం అనుమానం మిగులుతుంది? రేవులో ఉన్న ప్రతి పడవా బయల్దేరింది. అన్నిటికన్నా ముందు సారో పడవ, అందులో ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిన మెలీనా. మొగుడికి ఫోను కొడుతూనే ఉంది, కానీ కొండ వెనక ఫోన్లు పలకవు.

శ్మశానం ఒడ్డు దాటాక నున్జియో వెనక్కి చూశాడు. బారులు తీరిన పడవలు, ముందు సారో. "వీడొచ్చేది అత్తయ్యకి బండ చూపించి నా నోట్లో మట్టి కొట్టడానికే," అనుకుని పళ్ళు బిగించి ఇంజను జోరు పెంచాడు.

వెనక గోల లేచింది. "శ్మశానం దగ్గర ఆపలేదు చూశారా! శవాన్ని ఎత్తుకుపోతున్నాడు!"

"పడవ రాయించుకోకముందే పోయిందిగా, అందుకే పారిపోతున్నాడు! పట్టుకోండి!" అని సారో మైకులో కేకలు పెట్టాడు.

ఇంజన్ల మోతలో ఏ మాటా నున్జియోకి చేరలేదు. చేరినా ఆపేవాడు కాదు. అత్తగారు లేవకముందే బండ దాటేయాలి, అంతే. కానీ ఆ పాత ఇంజను అంత పరుగు ఎన్నడూ ఎరగదు. దగ్గింది, పొగ కక్కింది, ఆగిపోయింది. ఎక్కడా? అత్తగారి బండకు ఎదురుగా.

"ఆహా, వచ్చారు అత్తగారు!" అని బ్రాంబిల్లా చప్పట్లు కొట్టాడు.

"సార్, మీకు దండం పెడతా, నోరు ముయ్యండి!"

అంతలో పడవలన్నీ చుట్టుముట్టాయి. మెలీనా అమ్మని చూసి కెవ్వుమంది. సారో తన పడవ అంచు మీద నిలబడి మైకు పట్టుకున్నాడు.

"ఒరే నున్జియో! ఆఖరికి ఆ బండ దగ్గరికే తెచ్చావురా అత్తని! దీన్ని చూపించి మా అత్త మీద లోకాన్నంతా నవ్వించావు. ఇప్పుడు ఏడు! పడవ ఇక నాది. రేపే దాని మీద పేరు చెరిపేసి, ఏదైనా కుర్రపిల్ల పేరు రాయిస్తా!"

పడవ పేరు సాంతినా. పెళ్ళయిన ఏడాది మామగారు తన చేత్తో రాసుకున్న పేరు.

బెంచీ మీద రుమాలు కదిలింది. "చెరుపు చూద్దాం," అంది దొన్నా సాంతినా లేచి కూర్చుని.

పక్క పడవలో అగ్రిపీనా మూర్ఛపోయింది. సారో వెనక్కి అడుగేశాడు. వెనక పడవ లేదు, సముద్రం ఉంది. మెలీనా ఈ పడవలోకి దూకి అమ్మని వాటేసుకుని, అదే ఊపులో మొగుడి వీపు మీద రెండు వేసింది. ఎవరో సారోని జుట్టు పట్టి పైకి లాగారు. తర్వాత అందరూ ఆవిడ వైపు తిరిగారు. ఎందుకంటే దొన్నా సాంతినా తలెత్తి బండ వైపు చూస్తోంది.

నున్జియో ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "తప్పయిపోయింది అత్తయ్యా. పోలిక ఉందని... నవ్వుతారని... పడవ సారోకే ఇచ్చెయ్యండి."

"పోలిక ఉండదా మరి? అది మా అమ్మ."

"ఆ?"

"ఆ పేరు పెట్టింది మీ మామగారు. మా అమ్మని చూసి. ఆ హాస్యం ఆయన ముందుగా ఇంట్లో, రాత్రి భోజనం దగ్గర నామీదే ప్రయోగించి చూసుకునేవాడు. ఈ పడవ మీద దాన్నెలా చెప్పేవాడో నేనెప్పుడూ వినలేదు. కొండని చూడ్డమేంటని ఇంట్లోనే కూర్చున్నా, ఆయన కాస్తా పోయాడు." ఆవిడ శాలువా బిగించి కప్పుకుంది. "నువ్వన్నా సరిగ్గా చెబుతున్నావేమో విందామని ఎక్కితే, చేపల ఆరోగ్యం చెబుతావా? ఊఁ, లే. ఇప్పుడు చెప్పు."

ఊరంతా చుట్టూ ఉంది, సగం మంది ఇంకా కన్నీళ్ళతోనే ఉన్నారు. నున్జియో మైకు పట్టుకున్నాడు. "అదిగో మా అత్తగారు. సముద్రం వెయ్యేళ్ళుగా వచ్చి మొక్కుతోంది ఒక్కసారైనా కూర్చోమందా," అని ఒక్క ఊపిరిలో అప్పగించేశాడు. ఒక్కరూ నవ్వలేదు. సారో తుమ్మాడు.

"ఇలా ఇవ్వు," అని ఆవిడ మైకు లాక్కుని, అతని నెత్తి మీది టోపీ తీసి చేత్తో పట్టుకుంది. భర్త భోజనం దగ్గర చేసినట్టే, బండ వైపు తిరిగి వంగి దండం పెట్టింది. "అదిగో, మా అత్తగారు. సముద్రం వెయ్యేళ్ళుగా వచ్చి ఆవిడ కాళ్ళకి మొక్కుతోంది." ఆగింది. ఒక అల వచ్చి బండకు కొట్టుకుని వెనక్కి పోయేదాకా ఆగింది. "ఒక్కసారైనా... కూర్చోమందా?"

చావుకొచ్చిన జనం పడవలు ఊగిపోయేలా నవ్వారు. బ్రాంబిల్లా కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వాడు. దొన్నా సాంతినా మాత్రం నవ్వలేదు, శాలువా కొంగుతో ముక్కు తుడుచుకుని చాలాసేపు బండనే చూసింది.

"పడవ నీదే అల్లుడూ," అంది చివరికి. "పేరు చెరిపేవాడికి ఇవ్వను. కానీ అల వెనక్కి పోయేదాకా ఆగడం నీకు రాదు. వచ్చేదాకా రోజూ వస్తా."

ఇప్పుడు నున్జియో పర్యాటకులకు రోజూ ఇద్దరు అత్తగార్లను చూపిస్తున్నాడు. మాటకు అడ్డు రానిది రాతిదొక్కటే.