చెవుల అప్పగింత

కాకినాడలో పెళ్ళిళ్ళకీ రిసెప్షన్లకీ పాటలు పాడే జోగారావు, కొత్త ఇయర్ మానిటర్ల కొలతల కోసం తన రెండు చెవులనూ సోమవారం పొద్దున్నే శ్రవణ కేంద్రంలో అప్పగించి రసీదు తీసుకున్నాడు. కుడిచెవి తేలిగ్గానే వచ్చింది. ఎడమది చిన్నప్పటి నుంచీ మొండిది కావడంతో కాస్త సబ్బునీళ్ళు రాయాల్సి వచ్చింది. కౌంటర్లో ఉన్న శేషుకుమారి రెండింటినీ మెత్తని గుడ్డతో తుడిచి, ఏది ఎటువైపుదో తెలిసేలా దారం కట్టి, దూది పరిచిన డబ్బాలో పెట్టింది. పోగులుంటే ముందే తీసి విడిగా కవర్లో వెయ్యాలని గోడ మీద రాసి ఉంది. జోగారావు ఎప్పుడూ పోగులు పెట్టుకోలేదు గనక ఆ కవరు ఆదా అయింది.

ఇయర్ మానిటర్లంటే స్టేజి మీద పాడేవాళ్ళు తమ గొంతు తమకు వినపడటానికి చెవుల్లో దూర్చుకునే బుల్లి స్పీకర్లు. జోగారావు దగ్గర ఉన్నవి రబ్బరు టోపీలతో బజార్లో దొరికే రకం. అవి అందరి చెవులకీ సరిపోతాయని డబ్బా మీద ఉంటుంది, అంటే ఎవరి చెవికీ సరిగ్గా సరిపోవన్నమాట. నోరు తెరిస్తే దవడ కదులుతుంది, దవడ కదిలితే చెవి సందు సాగుతుంది. పై స్థాయిలో ‘ఆ’ అన్నప్పుడల్లా వాటిలో ఒకటి జారిపడి చొక్కా గుండీల మీద వేలాడేది. పిఠాపురం పెళ్ళిలో అలా పడ్డదాన్ని పెళ్ళికొడుకు తాతగారు తన వినికిడి మిషన్ అనుకుని పెట్టుకుని, భోజనాలయ్యేదాకా ఎవరికీ ఇవ్వలేదు.

చెవి అచ్చు తీసి దానికి తగ్గట్టు చేసేవైతే ఈ గొడవ ఉండదు. రాజమండ్రిలో ఒక కుర్ర గాయకుడు అలాంటివి చేయించుకున్నాడు. లైట్లు పడ్డప్పుడు అవి అతని చెవుల్లో తళుక్కుమంటాయి. జోగారావుకి తళుకుల మీద మోజు లేదు, క్వాలిటీ కోసమే ఆలోచిస్తున్నానని అందరికీ చెప్పాడు. మార్చాలా వద్దా అని కనపడ్డ ప్రతివాణ్ణీ సలహా అడిగాడు. ఎవరి సలహా వినే అలవాటు లేకపోయినా అడగడం అతనికి మర్యాద.

పూర్వం చెవిలో మెత్తటి ముద్ద పోసి అచ్చు తీసేవారు. ఆ కాసేపూ మనిషి కదలకుండా కూర్చోలేకపోవడం వల్ల అచ్చులు వంకరగా వచ్చేవి. అందుకని కేంద్రం వారు మనిషిని ఇంటికి పంపేసి చెవులను మాత్రం ఉంచుకునే పద్ధతి పెట్టారు. అవి తిరిగొచ్చేదాకా వాడుకోవడానికి తాత్కాలిక చెవులు ఇస్తారు. చిన్న, మధ్య, పెద్ద అని మూడు సైజులు.

“పెద్దవి ఇవ్వండి మేడమ్,” అన్నాడు జోగారావు.

“మీకు మధ్యవి సరిపోతాయండి. ఆర్టిస్టులందరూ పెద్దవే అడుగుతారు,” అంది శేషుకుమారి, మధ్యవి తీసి అతికిస్తూ.

“వీటిల్లో బాగానే వినపడుద్దా?”

“శుభ్రంగా వినపడుద్దండి. కాకపోతే ఈ చెవులకి మీరెవరో తెలీదు. అందుకని కొంచెం తేడాగా ఉంటది. కంగారు పడకండి.”

జోగారావు కంగారు పడలేదు. తనెవరో తెలియని చెవులు కాకినాడలో ఉండటం మాత్రం కొద్దిగా కష్టం కలిగించింది.

ఇంటికొచ్చి కుర్చీలో కూలబడగానే ఎక్కడి నుంచో పాట వినపడింది. ఆడగొంతు. ఎక్కడా తడుముకోకుండా, ఎవరినీ మెప్పించాలన్న తొందర లేకుండా నడుస్తోంది. ఏదో మంచి రేడియో స్టేషన్ అనుకుని వెతుక్కుంటూ వంటింట్లోకి వెళ్ళాడు. అక్కడ అతని భార్య భ్రమరాంబ బెండకాయలు తరుగుతోంది.

“రేడియో ఎక్కడిదే?”

“మనింట్లో రేడియో ఎక్కడుందండీ?”

“మరి ఇందాక పాడిందెవరు?”

“నేనేనండి. రోజూ పాడుకుంటాను కదా, మీకు తెలీదూ?”

తెలుసులే అని జోగారావు మంచినీళ్ళు తాగి బయటికొచ్చాడు. భ్రమరాంబ అతని ట్రూపులోనే కోరస్ పాడుతుంది. స్టేజి మీద ఎడమవైపు, పెద్ద పూలకుండీ పక్కన నిలబడుతుంది. పెళ్ళైన కొత్తలో ఆమెను అక్కడ నిలబెట్టింది జోగారావే. ఆ చోటు ఖాళీగా కనపడటం బాగుండలేదని నిలబెట్టాడు.

గురువారం సామర్లకోటలో రిసెప్షన్. మొదటి పాట పల్లవి ఎత్తుకోగానే ఎవరో శ్రుతికి కాస్త కిందుగా పాడుతున్నట్టు వినపడింది. కీబోర్డు కుర్రాడి వైపు కోపంగా చూశాడు. కీబోర్డుకి నోరు లేదని గుర్తొచ్చి, తను ఆగి చూశాడు. కిందుగా పాడుతున్నవాడు కూడా ఆగాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. వాడూ మొదలుపెట్టాడు. మూడుసార్లు ఇలా అయ్యాక ఇక అనుమానించడానికి స్టేజి మీద వేరే మనిషి మిగల్లేదు. జోగారావు ఇలాంటి ఇబ్బందుల్లో ఎప్పుడూ చేసేదే చేశాడు. సౌండు చూసుకునే యేసుదానానికి చెయ్యి పైకెత్తి, నా గొంతు పెంచమని సైగ చేశాడు. యేసుదానం ఎప్పట్లాగే తలూపి ఒక నాబ్ తిప్పాడు. ఎప్పుడూ ఆ తిప్పుడుతో ప్రాణం లేచొచ్చేది. ఆవేళ ఏమీ కాలేదు.

విరామంలో దిగివెళ్ళి, “ఆ నాబ్ పనిచేస్తన్నట్టు లేదు, చూడు,” అన్నాడు.

“దానికి వైరు లేదండి గురువుగారూ.”

“ఎప్పుడు ఊడింది?”

“ఊడలేదండి. అసలు పెట్టలేదు. మీరు పెంచమన్నప్పుడు తిప్పడానికని ఉంచాను. తిప్పగానే మీరు ‘ఆ, ఇప్పుడు బాగుంది’ అంటారు గదండీ. మీకు బాగుంటే మాకూ బాగున్నట్టే.”

“మరి హాల్లో జనానికి వినపడేది ఏంటి?”

“అమ్మగారిదండి. మీది కూడా కొద్దిగా వదుల్తానండి, నోరు కదుల్తుంది గదా, బొత్తిగా లేకపోతే బాగోదని.”

“మగ పాటలు కూడానా?”

“మగ పాటలు కూడానండి. ఇప్పటిదాకా ఎవరూ కంప్లయింట్ చెయ్యలేదు.”

యేసుదానం దాచిందేమీ లేదు. కరెంటు బోర్డు ఎక్కడుందో చెప్పినట్టే చెప్పాడు. జోగారావు నవ్వబోయి, నవ్వు కూడా శ్రుతికి కిందుగానే వస్తుందేమోనని ఆగిపోయాడు. తను ఇన్నాళ్ళూ స్టేజీ ఎక్కి చేసింది దవడలకి వ్యాయామం అన్నమాట. శాలువాలు కప్పించుకుంటూ చేశాడు గనక చలి కూడా వెయ్యలేదు.

తిరిగొచ్చేటప్పుడు వ్యానులో భార్య పక్కన కూర్చున్నాడు. మామూలుగా అయితే ముందు సీట్లో డ్రైవరు పక్కన కూర్చుని, ఆ రోజు తను ఎలా పాడాడో డ్రైవరుకి చెప్పేవాడు.

“నీకు తెలుసా?” అని అడిగాడు.

“తెలుసండి.”

“నాకెందుకు చెప్పలేదు?”

“చెప్పానండి. పెళ్ళైన కొత్తలో ఒకసారి చెప్పాను. బాబిగాడు పుట్టాక ఇంకోసారి చెప్పాను. మీకు వినపడలేదు.” కొంగు సర్దుకుని మళ్ళీ అంది, “మీరు సంతోషంగా పాడతారండి. చూడ్డానికి బాగుంటది. జనం మిమ్మల్ని చూస్తారు, నన్ను వింటారు. గడిచిపోతంది కదా అని ఊరుకున్నాను.”

ఆ మాటలో నిష్ఠూరం ఉందేమోనని జోగారావు జాగ్రత్తగా విన్నాడు. మధ్య సైజు చెవులు మంచి పనితనం గలవి. నిష్ఠూరం ఉంది గానీ, పాతబడి మెత్తబడిపోయింది. దాని అడుగున ఇంకేదో ఉంది. అది ఆశ అని తెలుసుకోవడానికి అతనికి వ్యాను అచ్చంపేట జంక్షన్ దాటేదాకా పట్టింది.

ఆ తర్వాతి రోజులు జోగారావు జీవితంలో మంచి రోజులు. పొద్దున్నే వంటింటి గుమ్మంలో పీట వేసుకుని కూర్చునేవాడు. ఆమె పాడుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగేవి, ఉల్లిపాయలని చెప్పేవాడు. సిగ్గుగా ఉండేది, హాయిగా కూడా ఉండేది. ఇంత సంపద ఇంట్లో పెట్టుకుని ఇన్నేళ్ళూ పక్కింటి వాళ్ళ కుక్కర్ కూత మీద మండిపడ్డందుకు తనను తాను తిట్టుకున్నాడు. శనివారం పొద్దున్న, ఎవరూ అడక్కుండానే, “రేపు కాక వచ్చే ఆదివారం ప్రోగ్రాంలో నువ్వు మధ్యలో నిలబడు. నేను కుండీ పక్కనుంటాను,” అన్నాడు.

భ్రమరాంబ చేతిలో గరిటె అలాగే ఆగింది.

“నిజంగానా అండి?”

“నిజంగానే. మైకులో నేనే చెప్తాను, అసలు పాడేది ఈవిడేనని.”

ఆమె సాయంత్రం బీరువాలోంచి ఎర్రంచు చీర తీసి ఇస్త్రీకి ఇచ్చింది. మర్నాటి నుంచి వంటింట్లో కాదు, ముందు గదిలో కూర్చుని గొంతు విప్పి సాధన చేసింది. వీధిలో పోయేవాళ్ళు ఆగి వింటుంటే తలుపు వెయ్యలేదు. ఆమెను అంత సంబరంగా జోగారావు ఎప్పుడూ చూడలేదు, చూసినా తన పాట బాగుండటం వల్లే అనుకుని ఉంటాడు.

ప్రోగ్రాం ఉన్న ఆదివారం పొద్దున్నే శ్రవణ కేంద్రం నుంచి మానిటర్లు సిద్ధమని కబురొచ్చింది. కేంద్రం నియమాలు ఈ విషయంలో ఉదారమైనవి. సొంత చెవులు వద్దనుకుంటే అక్కడే వదిలేసి తాత్కాలికమైనవే శాశ్వతం చేసుకోవచ్చు. అయితే అచ్చు తీసి చేసినవి సొంత చెవులకే సరిపోతాయి. తాత్కాలిక చెవులతో పాత రబ్బరు టోపీలే గతి. పైకి ‘ఆ’ అన్నప్పుడల్లా జారతాయి, మిగతా అందరూ వినపడతారు. జోగారావు తన చెవులు వదిలేసుకుందామనే గట్టిగా అనుకుని వెళ్ళాడు.

“వదిలేసిన చెవులు ఏం చేస్తారు మేడమ్?”

“అదిగోనండి, ఆ అలమరాలో పెట్టాలి,” అని చూపించింది శేషుకుమారి. అలమరా నిండా మంచినీళ్ళ సీసాలూ, ఆమె టిఫిన్ డబ్బా ఉన్నాయి. “ఇప్పటిదాకా ఎవరూ వదల్లేదండి. వదుల్తామనే వస్తారు అందరూ. మీరు కూడా ఒకసారి పెట్టి చూసుకోండి. చూస్తే తప్పేం లేదు.”

దూదిలో అతని చెవులు నిద్రపోతున్నట్టున్నాయి. వాటిలో ముదురు నీలం రంగు మానిటర్లు, గాజులా మెరుస్తూ, మీద బంగారు రంగులో ‘జో’ అనే అక్షరంతో. చూస్తే తప్పేం లేదు గనక జోగారావు పెట్టించుకున్నాడు. చిన్నగా రాగం తీశాడు.

తన గొంతు. నిండుగా, తొణక్కుండా, సరిగ్గా శ్రుతి మీద కూర్చుని, ఎక్కడికో ఊరెళ్ళి ఇన్నాళ్ళకి తిరిగొచ్చినట్టు వచ్చింది. కౌంటరు మీద అద్దంలో తన మొహం చూసుకుని జోగారావు ఏడ్చాడు. ఈ మనిషిని ఎంత మిస్సయ్యాడో అతనికి అప్పటిదాకా తెలియలేదు. నోరు బార్లా తెరిచి పై స్థాయికి వెళ్ళాడు. మానిటర్లు ఇసుమంత కదల్లేదు. శేషుకుమారి ఏదో అడుగుతున్నట్టు పెదాలు ఆడించి, వినపడదని తెలుసు గనక వేలితో సంతకం చోటు చూపించింది. తాత్కాలికమైనవి ఎలాగూ ఇక్కడే ఉంటాయి, సాయంత్రం ప్రోగ్రాం అయ్యాక తీరిగ్గా ఆలోచించుకోవచ్చని జోగారావు సంతకం పెట్టాడు. కల్యాణ మండపానికి ముందు వెళ్ళాల్సిన పనుందని ఇంటికి కబురు పంపి, మధ్యాహ్నమే అటునుంచి అటే బయల్దేరాడు.

సాయంత్రం స్టేజి మీదికి భ్రమరాంబ ఎర్రంచు చీరలో వచ్చింది. తలలో కనకాంబరాలు. నేరుగా నడిచి మధ్య మైకు దగ్గరికొచ్చి, అక్కడ నిలబడి ఉన్న జోగారావు వైపు తిరిగింది. అతని చెవులు చూసింది. ఏదో అంది. ‘బాగున్నాయండి’ అనే అని ఉంటుందని అతను తలూపాడు. ఆమె ఇంకాసేపు నిలబడింది. తర్వాత వెళ్ళి పూలకుండీ పక్కన తన మైకు ముందు నిలబడింది. తనకి ఎత్తుగా ఉందో ఏమో, స్టాండు కొంచెం కిందికి దించుకుంది.

జోగారావు మొదలుపెట్టాడు. చెవుల్లో తను తప్ప ఎవరూ లేరు. ముందు వరసలో ఒక పెద్దావిడ కళ్ళొత్తుకుంటోంది. ఆవిడ ఎవరి పాటకి ఏడుస్తోందో జోగారావుకి తెలుసు. తెలియకపోవడం వేరు, వినపడకపోవడం వేరు. తెలిసి కూడా వినపడకపోతే మనిషికి పెద్దగా ఇబ్బందేమీ ఉండదని అతనికి రెండో పాటకల్లా అర్థమైంది.

మూడో పాట పల్లవి మధ్యలో భ్రమరాంబ నోరు ఆగింది. మైకు స్విచ్చి కట్టేసి, హ్యాండ్‌బ్యాగు భుజాన వేసుకుని, చీర కుచ్చిళ్ళు పట్టుకుని జాగ్రత్తగా మెట్లు దిగింది. యేసుదానం లేచి నిలబడ్డాడు. హాల్లో తలలన్నీ ఆమె వెళ్తున్న వైపు తిరిగాయి, అక్కణ్ణుంచి జోగారావు నోటి వైపు తిరిగాయి. ఇదంతా అతను చూశాడు. కళ్ళు సొంతవే, చూపులో ఏ లోపమూ లేదు. అతని చెయ్యి పైకి లేచి ఒక చెవి దాకా వెళ్ళింది. మానిటరు ఊడి రాలేదు, ఊడి రాకూడదనే కదా చేయించుకున్నది. ఇంకొంచెం గట్టిగా లాగితే వచ్చేదే. కానీ చరణం దగ్గరపడుతోంది.

ఆ చరణం కష్టమైనది. జోగారావు కళ్ళు మూసుకున్నాడు. ఎంత బాగా వచ్చిందంటే, అంత బాగా అతను ఎప్పుడూ పాడలేదు.