మూడు బారల చేప

తెల్లవాళ్ళతో పాటు అందరూ ఓటేసిన తొలి ఎన్నికలయ్యాక వచ్చిన మొదటి డిసెంబరు. ఆ శనివారం పొద్దున్నే సూబ్రాయన్ గాలం తుడుచుకుని, మధ్యాహ్నానికి చేపల పులుసు తినిపిస్తానని భార్య రమణమ్మకు మాటిచ్చాడు. ఉమ్‌కోమాస్ ఏటి వంతెన కింది మడుగులో మనిషిని మించిన పొడవుతో పాములాంటి మలుగు చేప ఉందని, చెరకు కొట్టడానికి పోతూ వంతెన మీద నుంచి చూశానని అతని తండ్రి రంగయ్య పోయేదాకా చెప్పాడు. అప్పట్లో ఆ ఒడ్డు తెల్లవాళ్ళది, చెరకు తోటల కూలికి వలస వచ్చిన తమవాళ్ళు కాలు పెట్టడానికి లేదు. చేపను పట్టి చూపించే దారి లేక రంగయ్య కోతలరాయుడిగానే కన్నుమూశాడు. ఇప్పుడు ఒడ్డు అందరిదీ అయింది. తండ్రి మాట నిలబెట్టడం కొడుకు వంతు.

"చేపతో రా, కథతో రాకు. కథలు మీ నాయన చెప్పినవి చాలు," అంది రమణమ్మ.

ఏటి ఒడ్డున చెట్లనిండా కీచురాళ్ళు. వాటి గోలలో పక్కమనిషి మాట కూడా వినపడదు. గాలం వేసిన కాసేపటికి అడుగున ఏదో పట్టుకుంది. లాగితే రాదు, వదిలితే పోదు. సూబ్రాయన్‌కు ఒళ్ళు పులకరించింది. వంతెన మీద బావమరిది రాజెన్ కనపడ్డాడు. అరిచి లాభం లేదు గనక, సూబ్రాయన్ చేతులు బార్లా చాపి మూడుసార్లు చూపించాడు, మూడు బారల తాడు తెమ్మని.

తాడునైనా చేపనైనా బారలతో కొలిచే వంశమే రాజెన్‌దీ. అతనికి బారలు అర్థమయ్యాయి గాని తాడు అర్థం కాలేదు. వెనక తొట్టి ఉన్న తన బక్కీ బండిని వీధిలోకి దూకించి, బావకు మూడు బారల చేప పడిందని చాటేశాడు.

గుడిలోంచి పెళ్ళిళ్ళ గుండిగ కదిలింది. చింతపండు నానింది, మసాలా నూరారు, ఇంటింటా అన్నం వండారు. చేప తలకాయ ఎవరికన్న దగ్గర రెండిళ్ళ మధ్య మాటలు కూడా ఆగిపోయాయి. చివరికి వీధి వీధంతా గుండిగతో సహా ఒడ్డుకు చేరింది.

సూబ్రాయన్ గాలం తీగ వెంట మడుగులోకి దిగి, బండిలో దొరికిన తాడు కట్టాడు; అందరూ లాగారు. ఇనుప కాళ్ళతో ఒక పొడవాటి బోర్డు పైకి వచ్చింది. సూబ్రాయన్ అరచేత్తో బురద తుడిచాడు. ఈ ఒడ్డు తెల్లవాళ్ళకు మాత్రమే అని ఉంది. కాలం మారాక ఎవరో ఏట్లోకి విసిరేసినట్టున్నారు.

"మూడు బారలు లేదే, బావా," అన్నాడు రాజెన్.

"నేనడిగింది తాడురా."

సూబ్రాయన్ తలెత్తలేకపోయాడు. తండ్రిని ఇంకోసారి నవ్వులపాలు చేశాననుకున్నాడు. రమణమ్మ ముందుకొచ్చి బోర్డు మీది అక్షరాలు తడిమింది.

"మామను ఈ ఒడ్డుకి రానీనిది ఇదేనా?"

అతను తలూపాడు.

"అయితే పెద్దదే పట్టావయ్యా."

ఆ మాటతో సూబ్రాయన్ తలెత్తాడు. రమణమ్మ సంచిలోంచి టిన్ ఫిష్ డబ్బాలు తీసి గుండిగలో వంచింది. మొగుడు వేటకు వెళ్ళిన ప్రతిసారీ ఆమె వాటిని సిద్ధంగా ఉంచుకుంటుంది. బోర్డును రాళ్ళమీద పెట్టి, అందరూ దానిమీద వరసగా కూర్చుని పులుసన్నం తిన్నారు.

రాజెన్ చెప్పే లెక్కలో ఆ బోర్డు పొడవు ఇప్పుడు అయిదు బారలు.