మనిషి చెయ్యి పడని రాయి

పెళ్ళైన మూడో నెలకే సొంతింటికి ముగ్గు పోసుకుంటున్న జంట పర్ణశాల దారిలో ఇంకొకటి ఉందా అని మోతీ పొద్దున్నుంచీ మురిసిపోతోంది. భద్రాచలంలో వాళ్ళు కిరాయికుంటున్న గదిలో ఒకరు చీపురు పడితే ఇంకొకరు మంచమెక్కాలి. ఇక్కడ, ఈ రోడ్డు పక్క స్థలంలో, రెండు గదులు, వంటింటికి గోదారి వైపు కిటికీ. పునాది తవ్వే జేసీబీ కాసేపట్లో వస్తుంది. అందాకా మొగుడు కోటేష్ బుద్ధిగా నిలబడితే చాలు.

కోటేష్ బుద్ధిగా నిలబడే రకం కాదు. హిస్టరీలో డిగ్రీ చేశాడు. అది చాలదన్నట్టు, ఆదిమానవుల రాతి పనిముట్ల మీద ఫోన్లో వీడియోలు కూడా చూశాడు. స్థలం మధ్యలో బాదంగింజ ఆకారంలో జానెడు రాయి కనబడగానే ఇల్లూ మరిచాడు, ఇల్లాలినీ మరిచాడు.

"మోతీ! రాతి గొడ్డలే ఇది! అంచు చూడు, ఎట్ల చెక్కిండో!"

"ఎవరు?"

"ఆదిమానవుడు!"

"ఆయనకు గుహ అన్నా ఉండె. మనకేముంది? జల్దీ పక్కకు జరుపు."

జరపలేదు. దెబ్బలు పడ్డ చోట్లను గుర్తు పెట్టి ఫోటో తీయాలని వీడియోలో చెప్పారట. సుద్దముక్క లేదు, పూజకు తెచ్చిన కుంకుమ ఉంది. కోటేష్ రాయిని మట్టిలో నిలువుగా పాతి, చెక్కినట్టు తోచిన ప్రతిచోటా ఒక బొట్టు పెట్టాడు. పడిపోకుండా చుట్టూ చిన్న రాళ్ళు పేర్చాడు. ఆ ఫోటోను తన పాత లెక్చరర్ హీరాలాల్‌కు పంపడానికి, సిగ్నల్ దొరికే మలుపు దాకా పెళ్ళాన్ని వెంటబెట్టుకుని నడిచాడు. చదువుకున్నవాడి తెలివి అలాగే ఉంటుంది.

తిరిగొచ్చేసరికి పర్ణశాల పోయే ఆటోలు ఆగి ఉన్నాయి. కొబ్బరికాయ పగిలింది, అగరుబత్తి వెలిగింది. ఆటో దిగిన రుక్మిణి అనే పెద్దావిడ, ఎవరూ అడక్కుండానే పూజారిణి అయిపోయింది. జేసీబీ డ్రైవర్ వచ్చాడు, చెప్పులు విడిచాడు, బండికి బొట్టు పెట్టించుకుని వెళ్ళిపోయాడు.

"అమ్మా, అది దేవుడు కాదు. ఆ బొట్లు మా ఆయన పెట్టిండు," అంది మోతీ.

"ఆయనతోని పెట్టించుకున్నడు బిడ్డా," అంది రుక్మిణి జాలిగా. "గింత కూడ ఎరకలేదా?"

కోటేష్ పెళ్ళానికి ధైర్యం చెప్పాడు. "సార్‌ను రానీ. మనిషి చెక్కిన పనిముట్టని ఒక్క మాటంటే అందరు లేచి పోతరు."

సాయంత్రానికి హీరాలాల్ ఖమ్మం నుంచి దిగాడు. భూతద్దం పెట్టి చూశాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"కోటేష్, మనిషి కొట్టి చెక్కితే పెచ్చులూడిన గుంటలు అంచు పొడుగునా వరసగా ఉంటయి. దీనికి వరసా లేదు, వావీ లేదు. వాగుల దొర్లింది, ఎండకు పగిలింది. దీని మీద మనిషి చెయ్యి పడనే లేదు."

రుక్మిణి రెండు చేతులూ పైకెత్తింది. "విన్నరా! అద్దం పెట్టి చూసి చెప్పిండు! మనిషి చెయ్యలేదంట! స్వయంభువు!"

ఎక్కడి నుంచి వచ్చిందో గానీ శంఖం మోగింది.

"కాదు! మనిషే చేసిండు! ఎవడో చేతకానోడు చేసిండు!" అని కోటేష్ మొత్తుకున్నాడు. మోతీ లెక్చరర్ చేతులు పట్టుకుంది.

"సార్, దండం పెడత. మనిషే చెక్కిండని ఒక్క అబద్ధం ఆడున్రి. మా ఇల్లు పోతది సార్."

"సైన్సుల అబద్ధం ఆడలేనమ్మా," అన్నాడాయన, రుక్మిణి ఇచ్చిన కొబ్బరిముక్క కళ్ళకద్దుకుంటూ.

వారం తిరక్కుండా ఆ స్థలంలో కమిటీ, రేకుల షెడ్డు, మైకు వెలిశాయి. కమిటీ వాళ్ళు దయగలవాళ్ళు. షెడ్డు వెనక గదిని కొత్తజంటకే కిరాయికిస్తామన్నారు; లోపల కోడిగుడ్డు మాత్రం ఉడకబెట్టకూడదట.