పంతొమ్మిది లీటర్ల పొదుపు

ముందుచూపు ఉన్నవాణ్ణి ధరల పెరుగుదల ఏమీ చేయలేదు. వాణ్ణి ఏమన్నా చేయాలంటే అందుకు ప్రత్యేకంగా ఒక కార్యాలయం పెట్టాలి. అలాంటి కార్యాలయం ఉందని బకెట్ల వ్యాపారికి అప్పటికి తెలియదు.

ఒకటో తారీఖు నుంచి పెట్రోలు లీటరుకు ఆరు రూపాయలు పెరుగుతుందని ప్రకటన వచ్చేనాటికి ఆయన చేతిలో ఉన్నవి ఇవి: బకెట్లు, మగ్గులు, డబ్బాలు అమ్మే దుకాణం ఒకటి. పాత వ్యాను ఒకటి. దాన్ని నడిపే బావమరిది ఒకడు (వ్యానుకన్నా వీడికే ఖర్చెక్కువ). విద్యార్థుల వసతిగృహంతో ఏడాది ఒప్పందం ఒకటి. ప్రతి సోమవారం ఉదయం తొమ్మిదిలోపు సరుకు దింపాలి, ధర ఏడాదంతా మారదు, మూడుసార్లు ఆలస్యమైతే ఒప్పందం రద్దు. దుకాణం అద్దె, ఇంటి అద్దె, కూతురి కాలేజీ ఫీజు ఆ ఒప్పందం మీదే నిలబడి ఉన్నాయి.

అమ్మే ధర పెరగనప్పుడు తెచ్చే ఖర్చు పెరగకూడదు. ఇది ఆయన సూత్రం. కొట్లో ఇరవై లీటర్ల ఇనప డబ్బా దించి, దుమ్ము తుడిచి, లెక్క వేశాడు. ఇరవై ఆర్లు నూట ఇరవై. పెట్రోలుకు ఎండలో ఒళ్లు విరుచుకునే అలవాటుంది కాబట్టి ఒక లీటరు చోటు ఖాళీగా వదలాలి. పంతొమ్మిది ఆర్లు నూట పద్నాలుగు.

"నూట పద్నాలుగు ఊరికే వస్తాయా?" అన్నాడు భార్యతో.

"ఊరికే రావు. ఇల్లు తగలబడితే వస్తాయి. పొయ్యి ఉన్న కొంపలోకి ఆ డబ్బా వస్తే నేను బయటికి పోతాను, ఏదో ఒకటి తేల్చుకోండి."

ఆవిడ మాటలో న్యాయం ఉంది. పెరట్లో, పొయ్యికి దూరంగా, గాలి ఆడే రేకుల షెడ్డులో, ఎండ తగలని మూల చూశాడు. అంతటితో ఆగి ఉంటే కథ ఉండేది కాదు. కానీ ఆయన చట్టానికి కట్టుబడిన వ్యాపారి. (చట్టానికి కట్టుబడటం చౌక అని ఆయన అప్పటిదాకా నమ్మాడు.) అనుమతి తీసుకుందామని డబ్బా వ్యానులో వేసుకుని వెళ్లాడు.

అదనపు ఇంధన గృహనిల్వ క్షేమ కార్యాలయం రెండో అంతస్తులో ఉంది. దరఖాస్తులు సోమవారం ఉదయం మాత్రమే తీసుకుంటారు.

"డబ్బా తెచ్చారా?" అన్నాడు గుమాస్తా తల ఎత్తకుండా.

"తెచ్చాను."

"ఖాళీదేనా?"

"ఖాళీదే."

"ఖాళీ అని ధ్రువపత్రం ఏదీ?"

"మూత తీసి చూడండి, తెలిసిపోతుంది."

గుమాస్తా కలం కింద పెట్టాడు. "మూత తీయడం నా పనా? దానికి మూతల అధికారి ఉన్నారు. వచ్చే సోమవారం వస్తారు. డబ్బాతో పాటు రండి. ఈలోగా మీరు కూడా మూత తీయకండి."

ఆ సోమవారం వసతిగృహానికి సరుకు పదకొండింటికి చేరింది. మరుసటి సోమవారం మూతల అధికారి వచ్చాడు. సన్నగా, శుభ్రంగా, చెవి వెనక పెన్సిలుతో ఉన్న మనిషి. మూత తీసి, డబ్బాలోకి టార్చి వేసి, "ఎవరండీ లోపల?" అని అడిగేవాడిలా కాసేపు చెవి ఒగ్గి, ఖాళీ అని రాసి, డబ్బా పక్కన ఆమోదం ముద్ర కొట్టాడు. తర్వాత రవాణా నియమాలు చదివి వినిపించాడు. డబ్బా నిలువుగా ఉండాలి. బంకులో డబ్బాను నేల మీద పెట్టి నింపాలి. కిటికీలు తెరిచి ఉండాలి. నిప్పు దగ్గర ఉండకూడదు. (ఇంతవరకూ అన్నీ సబబే, అందుకే వాటిని గబగబా చదివాడు.) పద్నాలుగో నియమం దగ్గర నెమ్మదించాడు: డబ్బా ఉన్న బండిలో ఎవరూ చిరాకు పడకూడదు.

"అయితే నన్ను దింపెయ్ బావా" అన్నాడు బావమరిది.

ఆ సోమవారం సరుకు మధ్యాహ్నం చేరింది. వసతిగృహం వార్డెను చీటీ రాసి చేతిలో పెట్టింది: ఇది రెండోసారి. మూడోది ఉంటే మళ్లీ చీటీ రాయను.

ధర పెరిగే ముందురోజు బంకు దగ్గర వరుస వీధి మలుపు తిరిగింది. వరుసలో వచ్చిన బండికి ఒక్కసారే అని బోర్డు పెట్టారు: ట్యాంకులోకైనా, డబ్బాలోకైనా.

"బావా, వ్యానులో ముల్లు అడుక్కి పడిపోయింది. బండికి కొట్టిద్దాం."

"బండిలో పోస్తే అది ఖర్చు. డబ్బాలో పోస్తే అది నిల్వ. ఆ మాత్రం తెలియనందుకే నువ్వు డ్రైవరువి, నేను వ్యాపారిని. బండికి కావలసినప్పుడు డబ్బాలోంచి తీసుకుందాం. కొత్త ధరకి మాత్రం ఒక్క చుక్క కొన్నావో, జీతంలో పట్టుకుంటాను."

డబ్బా నేల మీద పెట్టి, పంతొమ్మిది లీటర్లు, ఒక్క చుక్క ఎక్కువ తక్కువ లేకుండా నింపించాడు. సాయంత్రం మూతల అధికారి పెరట్లోకి వచ్చి, ఐదు వందల డిపాజిట్ తీసుకుని, మూతకు తీగ చుట్టి, తీగకు సీసపు ముద్ర వేసి, అనుమతిపత్రం ఇచ్చాడు. దాన్ని పటం కట్టించి షెడ్డులో తగిలించారు. ఆ రాత్రి వ్యాపారి హాయిగా నిద్రపోయాడు. నూట పద్నాలుగు ఆయన తలగడ కింద ఉన్నట్టే ఉంది.

సోమవారం ఉదయం ఎనిమిదింటికి వ్యానులో అరవై బకెట్లు, అరవై మగ్గులు సర్దారు. బావమరిది తాళం తిప్పాడు. వ్యాను దగ్గింది. ఇంకోసారి తిప్పాడు. ఈసారి దగ్గను కూడా లేదు.

"అయిపోయింది బావా."

"అయిపోనీ. దానికేగా ముందుచూపు" అని వ్యాపారి గరాటు తీసుకుని షెడ్డులోకి నడిచాడు. తొలి పరిశీలన కోసం మూతల అధికారి అప్పటికే అక్కడ కూర్చుని, డబ్బాను పెన్సిలుతో తట్టి పెట్రోలు మట్టం కొలుస్తున్నాడు.

"ఆ గరాటు ఎందుకండీ?"

"వ్యానులో పోసుకోవడానికి."

అధికారి ముఖంలో జాలి కనిపించింది. "మీకిచ్చింది నిల్వకు అనుమతి. తీసుకోవడానికి వేరే ఫారం. ముప్పై పనిదినాలు పడుతుంది."

"ముప్పై రోజుల తర్వాత తీసుకోవచ్చు కదా?"

"తీసుకోవచ్చు. కానీ ప్రతి సోమవారం నేను కొలుస్తాను. మట్టం తగ్గిందంటే డబ్బా కారుతున్నట్టు లెక్క. కారే డబ్బాకు అనుమతి రద్దు."

వ్యాపారి దీన్ని మనసులో కూడి, తీసివేసి చూశాడు. ఎటు చూసినా శేషం పంతొమ్మిది లీటర్లే.

"ఐదు వందలు పోతే పోనీండి. సీలు తెంపేస్తాను. నాకు తొమ్మిదిలోపు సరుకు దింపాలి."

"తెంపండి. డిపాజిట్ పోతుంది, డబ్బా పోతుంది. ఆ పెట్రోలు పోసుకున్న బండి కూడా జప్తు. రాసుకోవడానికి నా దగ్గర పెన్సిలుంది."

ఎనిమిదీ ఇరవై. బంకు రెండు కిలోమీటర్లు, వసతిగృహం ఇంకో దిక్కున ఒక కిలోమీటరు. వ్యాపారి గరాటు పట్టుకుని, పురోహితుడు లేని పెళ్లిలో పెళ్లికొడుకులా నిలబడ్డాడు.

భార్య వంటింటి గుమ్మంలోంచి చూసింది. "మీ లెక్కలు తర్వాత. కూరగాయలావిడకి సరుకు తొమ్మిదిన్నరకి గానీ రాదు. ఆవిడ తోపుడు బండి ఖాళీగా ఉంది. ఒరేయ్ తమ్ముడూ, బకెట్లు దించు!"

కూరగాయలావిడ తోపుడు బండి గుమ్మం ముందుకు వచ్చింది. "అద్దె ఎంత?" అని వ్యాపారి అలవాటుగా అడిగాడు.

"సిగ్గుండాలి అన్నా, టైము చూసుకో. ముందు తొయ్యి!" అంది ఆవిడ, ఒక వైపు భుజం ఆనించి.

ముగ్గురూ తోశారు. మూతల అధికారి వెనకాలే వచ్చాడు. ఆయన స్కూటరు కూడా కదలలేదు. జీతం ఇంకా రాలేదు, పెట్రోలు కొత్త ధర. మలుపు దగ్గర మగ్గుల దొంతర ఒరిగితే చప్పున పట్టుకున్నాడు.

"ఇది నా విధుల్లో లేదు" అన్నాడు వదలకుండానే.

తొమ్మిదికి నాలుగు నిమిషాలుండగా వసతిగృహం గేటు దగ్గరకు చేరారు. వార్డెను గడియారం చూసింది, బండి చూసింది, చెమట కారుతున్న నలుగురినీ చూసింది, రసీదు మీద సంతకం పెట్టింది. ఒప్పందం మిగిలింది. వ్యాపారి రసీదు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

తిరిగి వస్తూ, ఊపిరి కుదుటపడ్డాక, అధికారిని అడిగాడు. "నిల్వకు మామూలు డబ్బా పనికి రాదు కదండీ?"

"మా ఆమోదం ముద్ర ఉన్న డబ్బాయే ఉండాలి."

"ఖాళీ డబ్బాలు ఒకేసారి ముప్పై తెస్తే, ఆమోదం ముద్ర కొడతారా?"

"నియమాల్లో అడ్డం లేదు."

అటు తర్వాత సంగతులు సూటిగా జరిగాయి. ముప్పై ఇనప డబ్బాలకు ముద్ర పడింది. 'ధర పెరుగుతుంది, జాగ్రత్త పడండి' అని దుకాణం ముందు అట్ట కట్టాడు. ధర పెరుగుతుందన్నది అబద్ధం కాదు. ఎప్పుడో ఒకప్పుడు పెరుగుతుంది. డబ్బా మీద లాభం వంద. ఫారం ఉచితం.

నెలాఖరుకు తుది లెక్క ఇదీ. పెట్రోలు మీద ఆదా, సున్నా. షెడ్డులో పంతొమ్మిది లీటర్లు, పాత ధరవి, సీలుతో సహా క్షేమం. కొత్త ధరకు వ్యానులో పోయించినవి ముప్పై ఒక్క లీటర్లు. అమ్ముడైన డబ్బాలు ఇరవై తొమ్మిది, లాభం రెండువేల తొమ్మిది వందలు. నింపి సీలు వేశాక చుక్క కూడా తీయనివ్వరన్న సంగతి ఎవరూ అడగలేదు, ఆయన చెప్పలేదు. అడగని సరుకు చూపించడం వ్యాపార లక్షణం కాదు.

ముప్పయ్యో డబ్బాకు కూరగాయలావిడ వచ్చింది. "వీధిలో అందరూ కొంటున్నారు. నాకూ ఒకటియ్యి అన్నా, తర్వాత దొరుకుతుందో లేదో."

వ్యాపారి ఆవిడను చూశాడు, గుమ్మం ముందున్న తోపుడు బండిని చూశాడు. ఆ సోమవారం గుర్తొచ్చింది. అందుకని పది రూపాయలు తగ్గించి ఇచ్చాడు.

ఆవిడ బండికి ఇంజను ఉందా అని ఫారంలో ఎక్కడా అడగలేదు.