రెండు బండ్లు, ఒక గుమ్మడికాయ

ఆ శనివారం ఉదయానికి వెంకటపతి వేసుకున్న పథకం చాలా చిన్నది. షోరూమ్ వాళ్ళు రెండు పికప్ బండ్లు ఇంటికి పంపుతారు. ఒకటి లగ్జరీ రకం, రెండోది ఆఫ్‌రోడ్ రకం. అక్క చూడామణిని రెండింటిలోనూ ఒక్కో చుట్టు తిప్పాలి. ఆవిడ మోకాళ్ళు ఏ బండికి ఒప్పుకుంటే ఆ బండి కొనాలి. మధ్యాహ్నానికల్లా భోంచేసి కాసేపు కునుకు తీయాలి.

పికప్ అవసరం నిజానికి దుకాణానిది. జార్జిటౌన్‌లో తాత కాలం నుంచి వాళ్ళది టార్పాలిన్లు, తాళ్ళు అమ్మే టోకు దుకాణం. ఎన్నూరు రేవు లారీల వాళ్ళకు సరుకు చేర్చాలంటే గుంతలకు జడవని బండి కావాలి. కానీ వెంకటపతి బెంగ సరుకు గురించి కాదు, డ్రైవరు పక్క సీటు గురించి.

అతని భార్య చనిపోయిన ఏడాదే, అంతకు ముందే భర్తను పోగొట్టుకున్న అక్క పెరంబూరులోని తమ్ముడింటికి వచ్చేసింది. ప్రతి శనివారం తమ్ముడి కారులో, ముందు సీట్లో కూర్చుని, దారి పొడుగునా అతని డ్రైవింగుకు వంకలు పెడుతూ గుడికి వెళ్ళేది. ఆ వంకలు వినడం వెంకటపతికి ఎంత ఇష్టమో అవి ఆగిపోయాక గాని తెలియలేదు. కిందటి వానాకాలంలో కారు వీధి చివర నీళ్ళలో చచ్చిపోయింది. అక్కను అరటిపండ్ల తోపుడు బండి మీద, పండ్లతో సహా, ఇంటికి చేర్చాల్సి వచ్చింది. ఆనాటి నుంచి ఆవిడ ఒక్కతే ఆటోలో వెళుతోంది.

ఎత్తయిన బండి కొంటే నీళ్ళలో మునగదు, కానీ అక్క ఎక్కలేదు. కిందికుండే మెత్తని లగ్జరీ బండి కొంటే అక్క ఎక్కుతుంది, కానీ మళ్ళీ మునిగితే ఇక జన్మలో ఎక్కదు. ఇదీ చిక్కు.

"శనివారం బండి వస్తా ఉందక్కా" అని మాత్రమే చెప్పాడు వెంకటపతి. చూడటానికి వస్తోందని చెబితే శుక్రవారం నుంచే వాదన మొదలవుతుందని మిగతాది మింగేశాడు. కొంప అక్కడే మునిగింది.

అతను స్నానాల గదిలో ఉండగా వీధిలో ఏదో పగిలిన చప్పుడైంది. చెవిలో సబ్బు నురగతోనే వాకిట్లోకి పరుగెత్తాడు.

ఇంటి ముందు తెల్లటి లగ్జరీ పికప్ పెళ్ళికూతురిలా నిలబడి ఉంది. ముందు భాగాన గంధం, కుంకుమ. అద్దాలకు చామంతి దండలు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. వీధి మధ్యలో కుంకుమతో ఎర్రబడ్డ గుమ్మడికాయ ముక్కలు. షోరూమ్ కుర్రాడు కార్తీ స్టీరింగు పట్టుకుని చెమటలు కక్కుతున్నాడు. హారతి పళ్ళెం పట్టుకున్న చూడామణి అతనికి ఆజ్ఞలు జారీ చేస్తోంది.

"ఇంకొంచెం ముందుకు రానీ నాయనా! ఆ, అట్లా. నిమ్మకాయ నలగాల!"

"పాటీ, ఇది టెస్ట్ డ్రైవ్ బండి పాటీ..."

"ఎవర్రా నీకు పాటీ? నేనేం అవ్వలా ఉండానా? అత్తా అను. ఏ బండైతే ఏం, నిమ్మకాయ తొక్కకుండా మా వాకిట్లో నిలవకూడదు."

"అక్కా! ఏం చేస్తా ఉండావు?" అన్నాడు వెంకటపతి.

"నువ్వు చేయాల్సిందే చేస్తా ఉండాను. కొత్త బండి వస్తే దిష్టి తీయవద్దా? నీ పెండ్లాం ఉండుంటే అది తీసుండును. లేదు గాబట్టి నేను తీస్తా ఉండాను."

చెప్పాల్సిన నిజం చెప్పడానికి అంతకంటే చెడ్డ క్షణం దొరకదు.

ఎదురింటి జయరామన్‌కు మాత్రం అంతకంటే మంచి క్షణం దొరకదు. రైల్వే వర్క్‌షాపులో చూడామణి భర్తతో కలిసి పనిచేసి రిటైరైన మనిషి ఆయన. ఇప్పుడు వీధి వాట్సాప్ గ్రూపును అదే శ్రద్ధతో నడుపుతున్నాడు. "సూపర్‌పా వెంకటపతీ! ఒక్క మాట చెప్పలేదే!" అంటూ ఫోటో తీసి గ్రూపులో పెట్టేశాడు. అయిదారిళ్ళ వాళ్ళు బయటికొచ్చారు. చూడామణి ముందే చేసి ఉంచిన కేసరి గిన్నెలతో బయటికొచ్చింది.

సరిగ్గా అప్పుడే నల్లటి ఆఫ్‌రోడ్ బండి వీధిలోకి వచ్చింది. ఏనుగు గున్న ఎత్తున, మొరటు టైర్లతో, తెల్లబండి వెనకాల ఆగింది. అందులోంచి జెబ అనే షోరూమ్ అమ్మాయి దిగి, "గుడ్ మార్నింగ్ సార్! రెండో బండి" అంది.

"ఇంకొకటా!" అని జయరామన్ మరో ఫోటో తీశాడు.

వెంకటపతి ఫోను మోగింది. షోళింగనల్లూరు ఆఫీసు నుంచి కూతురు సంయుక్త. "నాన్నా, రెండు కొన్నావా? నేను లగ్జరీ ఒకటి తీసుకోమంటే!"

"ఏదీ కొనలేదమ్మా. ఊరికే చూడటానికి..."

"చూడటానికి గుమ్మడికాయ ఎవరైనా పగలగొడతారా? ట్రావెల్స్ పెడతా ఉండావంట, జయరామన్ అంకుల్ గ్రూపులో రాసినాడు. నాకు చెప్పాలని తోచలేదా?"

ఆ ఫోను చెవిన ఉండగానే వెనకింటి ఆవిడ వచ్చి, తన మేనకోడలి పెళ్ళికి తెల్లబండి ఇవ్వాలంది. డ్రైవరు తెల్ల చొక్కా వేసుకుంటే బాగుంటుందని, మీసం కొంచెం కత్తిరించుకోవాలని కూడా సూచించింది. ఆవిడ చూస్తున్నది వెంకటపతి మీసం వైపు.

ఈలోగా చూడామణి నల్లబండి చుట్టూ తిరిగింది. "దానికి చేసి దీనికి చేయకపోతే ఎట్లా? పాపం, చిన్నబోదూ?" అంది. నిమ్మకాయలు అయిపోయాయి. ఇంట్లో ఉన్న బత్తాయిలు తెచ్చి నాలుగు చక్రాల కిందా పెట్టింది. జెబ వద్దనలేక బండిని ముందుకు జరిపింది. ఆ టైరు కింద బత్తాయి పేలి, ఫోటో కోసం వంగిన జయరామన్ పంచె మీద, ఫోను మీద పిచికారీ కొట్టింది. ఆ ఉదయం వెంకటపతికి దొరికిన మొదటి ఉపశమనం అదే. గ్రూపు కాసేపు మూగబోయింది.

అంతలో కార్తీకి మేనేజరు ఫోను. తెల్లబండిని వెంటనే తీసుకురావాలి, ఇంకో కస్టమర్ కాచుకుని ఉన్నాడు. కార్తీ చొక్కా చేతితో కుంకుమ తుడవబోయాడు. చూడామణి ఆ చేతి మీద ఒక్కటి వేసింది.

"తుడుస్తావా! హారతిచ్చిన బండిని వెనక్కి పంపకూడదు. ఇది మాదే."

వెంకటపతి అరుగు మీద కూలబడ్డాడు. మునిగే బండి ఖాయమైపోయింది. ఎంపిక తన చేతిలోంచి పోయి గుమ్మడికాయ చేతిలోకి వెళ్ళిపోయింది. వచ్చే వానాకాలంలో మళ్ళీ తోపుడు బండి, మళ్ళీ అరటిపండ్లు అతని కళ్ళ ముందు కదిలాయి.

"ఏందిరా కూర్చుండావు? గుడి మూసేస్తారు. బండి తీయ్!" అంది అక్క.

తీద్దామంటే తెల్లబండికి ముందు ఎవరో ఇల్లు కట్టుకుంటూ పోసిన ఇసుక కుప్ప. వెనక నల్లబండి. దాని వెనక వీధి ఖాళీ. ముందుగా కదలాల్సింది నల్లబండే.

"దీంట్లో పోదామక్కా" అన్నాడు వెంకటపతి, ఆశ పెట్టుకోకుండా.

చూడామణి నల్లబండి మెట్టు వైపు, తన మోకాళ్ళ వైపు చూసుకుంది. వంటింట్లోంచి ముక్కాలిపీట వచ్చింది. పైనుంచి జెబ చెయ్యి అందించింది. కింద వెంకటపతి భుజం ఇచ్చాడు. జయరామన్ దూరం నుంచే, "మెల్లగా! ఎడమ కాలు ముందు!" అని క్రేను ఎక్కిస్తున్నట్టు కేకలు వేశాడు.

"నన్నేమన్నా టార్పాలిన్ మూట అనుకున్నార్రా!" అని అరుస్తూనే ఆవిడ సీట్లో పడింది. జెబ వెనక సీట్లోకి మారింది.

వీధి దాటేదాకా వంకలు వచ్చాయి. గేరు చప్పుడు చేస్తోంది, మలుపు తొందరగా తిప్పాడు. వెంకటపతి మనసు చల్లబడుతోంది. వంతెన ఎక్కగానే వంకలు ఆగిపోయాయి. ఏమైందోనని పక్కకు చూశాడు.

ఆవిడ వంతెన పిట్టగోడ మీదుగా అవతలికి చూస్తోంది. కింద వర్క్‌షాపు రేకుల కప్పులు, పట్టాల మీద వరుసగా రైలు పెట్టెలు.

"అదేనా, మీ బావ షెడ్డు?"

"అదేనక్కా. ఆ పొగగొట్టం పక్కది."

"అన్నేండ్లు గేటు దాకా క్యారియర్ తెచ్చిచ్చినాను. లోపల ఎట్లుంటుందో చూసిందే లేదు. ఆటోలో పోతే గోడే కనపడుతుంది." కిటికీ వైపు ఇంకా వంగింది. "ఎంత పెద్దదిరా! ఆయన ఎప్పుడూ చెప్పలేదే."

వెంకటపతి బండి బాగా నెమ్మది చేశాడు. వెనక హారన్లు మోగాయి. జెబ ఎవరూ అడగకుండానే వెనక్కి తిరిగి, అద్దంలోంచి వాళ్ళందరికీ చేతులు జోడించింది.

ఇంటికి తిరిగి రాగానే చూడామణి తెల్లబండి తలుపు తీయించి, సీటు నొక్కి చూసింది. "ఇదేం గుడ్డ నాయనా?"

"గుడ్డ కాదు అత్తా, ప్యూర్ లెదర్!" అన్నాడు కార్తీ గర్వంగా.

"తోలా? ఒరే వెంకటపతీ, శనివారం పూట తోలు మీద కూర్చోబెట్టి నన్ను గుడికి తీసకపోదామనుకున్నావా? పంపెయ్ దీన్ని."

"హారతిచ్చింది వెనక్కి పంపకూడదంటివే?"

"వట్టి చేతులతో పంపకూడదన్నాను."

అలా తెల్లబండి తాంబూలంతో, రవికె గుడ్డతో, డబ్బా నిండా కేసరితో అత్తవారింటికి వెళ్ళే పిల్లలా షోరూమ్‌కు బయలుదేరింది. వెళ్ళేటప్పుడు కార్తీ, "వస్తానత్తా" అన్నాడు. వంతెన ఊసు ఆవిడా ఎత్తలేదు, తమ్ముడూ ఎత్తలేదు. నల్లబండి ఖాయమైంది. అది మొదలు ప్రతి శనివారం ముక్కాలిపీట వాకిట్లోకి వస్తోంది, వంతెన మీద బండి నెమ్మదిస్తోంది.

వానాకాలం వచ్చింది. ఒక శనివారం వీధిలో మోకాటి లోతు నీళ్ళు నిలిచాయి. వెంకటపతి ఇన్నాళ్ళూ కాచుకున్న రోజు. తాళాలు ఆడిస్తూ, ముక్కాలిపీట చంకన పెట్టుకుని హుషారుగా బయటికొచ్చాడు. చూడామణి అరుగు మీద నిలబడి అతన్ని ఎగాదిగా చూసింది.

"బుద్ధుందా? బంగారం లాంటి బండిని బురదనీళ్ళలో దింపుతావా!"

దుకాణంలోకెల్లా మంచి టార్పాలిన్ కప్పుకుని ఆఫ్‌రోడ్ బండి అరుగు పక్క గట్టు మీద పొడిగా నిలబడి ఉంది. అక్క ఎక్కిన ఆటోను వెంకటపతి వెనక నుంచి తోసుకుంటూ గుడికి బయలుదేరాడు.