ఖాళీ హాల్లో ఓపెన్ వైవా

ఆ రోజు పొద్దున్న కాబోయే డాక్టరు వేసుకున్న ప్రణాళిక చాలా మామూలుది. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని యూనివర్సిటీకి వెళ్ళడం, పీహెచ్‌డీకి సభ ముందు జరిపే ఓపెన్ వైవాలో నాలుగు ప్రశ్నలకు జవాబులు చెప్పడం, మధ్యాహ్నం భోజనానికి డాక్టరుగా ఇంటికి రావడం. "కాబోయే డాక్టరు" అన్నది వీధిలోవాళ్ళు పెట్టిన పేరు. మొదట్లో గౌరవంగానే పిలిచేవాళ్ళు. ఏళ్ళు గడిచేకొద్దీ వాళ్ళు "కాబోయే" అన్న మాటను కాస్త సాగదీసి పలకడం మొదలుపెట్టారు.

పాపం, అతను ఎగ్గొట్టిందేమీ లేదు. ప్రవేశ పరీక్ష రాశాడు. కోర్సు వర్క్ ముగించాడు. సినాప్సిస్‌కు కమిటీ చేత సరేననిపించుకున్నాడు. పత్రికల్లో వ్యాసాలు వేయించాడు, ప్రీ-సబ్మిషన్ సెమినార్లో చీవాట్లు తిన్నాడు, తన థీసిస్ కాపీ కాదని కంప్యూటర్ చేత కూడా ఒప్పించుకున్నాడు. మిగిలింది వైవా ఒక్కటే. చిక్కేమిటంటే గడువు కూడా ఆ సాయంత్రంతో సరి. పొడిగింపులన్నీ ఎప్పుడో వాడేసుకున్నాడు. ఇవాళ కాకపోతే రిజిస్ట్రేషన్ రద్దు, మళ్ళీ ప్రవేశ పరీక్ష దగ్గర్నుంచి మొదలు.

"మళ్ళీ మొదలెడితే మాత్రం టైపు చెయ్యడానికి ఇంకెవర్నైనా చూసుకోండి" అంది భార్య, తనూ వెంట రావడానికి చెప్పులు వేసుకుంటూ. థీసిస్ మొత్తం టైపు చేసింది ఆవిడే. అందులో ఏ పేజీలో ఏముందో అతనికన్నా ఆవిడకే బాగా తెలుసు.

అతని పరిశోధన భయం మీద. ఖాళీ గదిలోకి వెళ్ళిన మనిషికి అక్కడ ఎవరో ఉన్నట్టు ఎందుకు అనిపిస్తుంది? వందలాది మందిని ఖాళీ గదుల్లోకి పంపి, బయటికి వచ్చాక ప్రశ్నలు వేసి, అతను తేల్చిందేమిటంటే గదిలో ఎవరూ ఉండరు. అంతా ఫ్యాను హోరూ, మసక వెలుతురూ, మన మనసూ కలిసి ఆడే నాటకం.

వైవా హాలు పాత భవనంలో, అడుగు అంతస్తులో ఉంది. కిటికీల్లేవు. వరండాలో ట్యూబులైటు ఒకటి ఆరుతూ వెలుగుతూ ఉంది. తలుపు తీస్తే లోపల కుర్చీలు తప్ప పిట్ట మనిషి లేడు. వస్తామని ఒట్టేసి చెప్పిన తోటి స్కాలర్లందరూ పై అంతస్తులో ఇంకో వైవాకి వెళ్ళారు. అక్కడ భోజనాలున్నాయట.

గైడు గారు చెమటలు తుడుచుకుంటూ వచ్చారు. "ఏమయ్యా, జనమేరీ? వచ్చే ఎగ్జామినర్ మేడమ్ సంగతి నీకు తెలీదు. పోయినసారి ఎవరిదో వైవాకి సభ నిండలేదని కుర్చీలో కూడా కూర్చోకుండా వెళ్ళిపోయింది. రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి సాక్షి కూడా రావాలి. ఆయన సంతకం లేనిదే ఏదీ చెల్లదు."

అప్పుడు, కుర్చీలు సర్దుతున్న ల్యాబ్ అసిస్టెంటు మెల్లగా గొంతు సవరించుకున్నాడు.

"పక్క గదిలో నర్సింగ్ వాళ్ళ బొమ్మలున్నాయి సార్. ఇంజెక్షన్లు నేర్చుకునేవి. అచ్చం మనుషుల్లానే ఉంటాయి."

గైడు గారు కాసేపు పైకప్పు వంక చూశారు. "నేను చూళ్ళేదు" అని బయటికి నడిచారు. దాన్నే అనుమతి కింద తీసుకున్నారు మిగతావాళ్ళు.

బొమ్మలకు తెల్ల కోట్లు తొడిగి, మూతులకు మాస్కులు కట్టి, మధ్య వరుసల్లో కూర్చోబెట్టారు. స్లైడ్లు వేసే తెర కనబడాలన్న సాకుతో లైట్లు ఆర్పేశారు. ఆ మసకలో అవన్నీ రెప్ప వేయకుండా ఒకే వైపు చూస్తుంటే, భయం మీద పుస్తకమంత రాసినవాడికి కూడా ఒళ్ళు జలదరించింది. "అంతా మనసే" అని తనకు తానే చెప్పుకున్నాడు.

మేడమ్ వచ్చారు. పెద్దావిడ, కళ్ళద్దాలు బాగా మందం. హాలంతా కలయజూసి, "అబ్బ, ఎంత క్రమశిక్షణ! ఒక్కరూ ఫోన్ చూడ్డం లేదు" అని మురిసిపోయారు. భార్య బొమ్మల వెనక, ల్యాబ్ అసిస్టెంటు పక్కన కూర్చుంది.

అతను మాట్లాడటం ముగించాక మేడమ్ సభ వైపు తిరిగారు. "ఓపెన్ వైవా అన్నాక సభలోంచి ప్రశ్నలు రావాలి. రాకపోతే నేను రిపోర్టు రాయను."

ఇక లాభం లేదని భార్య ముక్కు మూసుకుని, గొంతు లావు చేసి, రెండో అధ్యాయంలోంచి ఒక ప్రశ్న వేసింది.

"ఎవరది? లేచి నిలబడి అడగాలి బాబూ" అన్నారు మేడమ్.

ల్యాబ్ అసిస్టెంటు గబగబా ముందున్న బొమ్మను చంకల కింద చేతులు వేసి లేపాడు. అది సగం లేచింది. నడుం దగ్గర కీలు వదులై, ముందుకు వంగి, అలాగే ఉండిపోయింది.

"చాలు చాలు, కూర్చో నాయనా. ఈ రోజుల్లో ఇంత వినయమా!" అన్నారు మేడమ్, కళ్ళు చెమర్చి.

కాబోయే డాక్టరు జవాబు చెప్పాడు. గండం గడిచిందనుకున్నాడు. అప్పుడు చివరి వరుసలోంచి ఒక చెయ్యి మెల్లగా పైకి లేచింది.

"నాదొక సందేహం" అంది ఒక గొంతు. పొడిగా, తాపీగా. "మీరు గదిలోకి వెళ్ళినవాళ్ళని మాత్రమే అడిగారు. గదిలో ఉన్నవాళ్ళని ఎందుకు అడగలేదు?"

అతను భార్య వైపు చూశాడు. ఆవిడ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. ల్యాబ్ అసిస్టెంటు ఆవిడ చెవిలో, "అమ్మా, చివరి వరుసలో మనం ఏదీ పెట్టలేదు" అన్నాడు. ఆ మాట హాలంతా వినబడింది, మేడమ్‌కి తప్ప.

"మంచి ప్రశ్న. చెప్పు" అన్నారు మేడమ్.

కాబోయే డాక్టరు హాలుకున్న ఒక్క తలుపు వంక చూశాడు. పారిపోవాలనిపించింది. కానీ పారిపోతే మళ్ళీ ప్రవేశ పరీక్ష. ఆ భయం ఈ భయం కన్నా పెద్దది.

"ఆ కోణాన్ని... భవిష్యత్ పరిశోధకులకు వదిలేశామండి" అన్నాడు.

చివరి వరుసలోని తల తృప్తిగా ఊగింది. మేడమ్ కూడా తల ఊపి, అక్కడికక్కడే డాక్టరేటుకు సిఫారసు చేస్తున్నట్టు ప్రకటించేశారు.

గైడు గారు కాగితం పట్టుకుని చివరి వరుసకు వెళ్ళారు. "మీరు సాక్షిగా వచ్చినవారే కదండీ?" అంటే ఆయన మాట్లాడకుండా పెన్ను కోసం చెయ్యి చాపాడు. రిజిస్ట్రార్ ఆఫీసు వాళ్ళు మామూలుగానే అంతకు మించి మాట్లాడరు. కాబోయే డాక్టరు కూడా వెళ్ళి కృతజ్ఞతగా చెయ్యి కలిపాడు. చెయ్యి బొమ్మల చేతుల్లాగే చల్లగా ఉంది. కానీ పట్టుకుని ఊపింది.

మేడమ్‌ను కారెక్కించి వచ్చి లైట్లు వేసేసరికి చివరి వరుస ఖాళీ. ఆ హాలుకి ఉన్నది ఒకటే తలుపు. ఆ తలుపు దగ్గరే భార్య నిలబడి ఉంది, ఎవరూ దాటలేదంది. ఇంతలో గైడు గారి ఫోన్ మోగింది.

"రిజిస్ట్రార్ ఆఫీసు నుంచండీ. సారీ సార్, మా మనిషి బయల్దేరలేకపోయాడు. జ్వరం. వైవా వాయిదా వేసుకుంటారా?"

గైడు గారు కాగితం చూశారు. సంతకం ఉంది. పెద్ద ఆఫీసర్ల సంతకాల్లాగే ఒక్క అక్షరం కూడా పోల్చుకోవడానికి వీల్లేకుండా ఉంది. ముగ్గురూ కాబోయే డాక్టరు వంకే చూశారు. హాల్లో ఎవరో ఉన్నారంటే థీసిస్ తప్పవుతుంది. ఎవరూ లేరంటే సంతకం చెల్లదు. ఎటు చూసినా ఇన్నేళ్ళ చాకిరీ బూడిదలో పోసిన పన్నీరే.

అతను నోరు తెరిచేలోగా భార్య ఫోన్ లాక్కుంది. "వాయిదా ఎందుకండీ? సాక్షి వచ్చారు, సంతకం కూడా పెట్టేశారు."

"సంతకం పడిందా?" అటువైపు గుమాస్తా ఊపిరి పీల్చుకున్నాడు. "అయితే పంపించెయ్యండి. ఎవరిదైతేనేం."

పట్టా వచ్చింది. ఖాళీ గదుల్లో ఎవరూ ఉండరని నిరూపించిన ఆ డాక్టరుగారు, ఇప్పుడు ఏ ఖాళీ గదిలోకి వెళ్ళాలన్నా ముందు తలుపు తట్టి, కాసేపు ఆగి వెళుతున్నారు.